పాఠకుల ప్రశ్నలు: పుట్టినరోజు విందుకు పిలిచే ముందు

ప్రశ్న: మేము ఆరుగురు స్నేహితురాళ్లం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కలిసి చదువుకున్నాం. ఇప్పుడు విశాఖలోనే ఒకరు గాజువాకలోనూ, ఇద్దరు మధురవాడలోనూ, మిగిలిన ముగ్గురం ఎం.వి.పి. కాలనీ చుట్టుపక్కలా ఉంటున్నాం. మాలో ఒకామెకు వచ్చే నెల నలభై ఏళ్లు నిండుతాయి. పుట్టినరోజు ఎవరిదైతే వారే మిగిలిన వాళ్లను హోటలుకు తీసుకువెళ్లడం మాకు మొదటి నుంచీ ఆనవాయితీ. అయితే ఆమెకు ఏడాదిగా ఉద్యోగం లేదు, ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పుకుంటోంది. ఈ సంగతి తెలిసి కూడా ఇద్దరు మా వాట్సాప్ గ్రూపులో "పార్టీ ఎక్కడ?" అని అడిగేశారు. ఆమె "తప్పకుండా ఇస్తాను" అని జవాబిచ్చింది. ఆమె మీద భారం పడకుండా, ఆమె మనసు నొచ్చుకోకుండా ఈ విందు ఎలా జరపాలి? బీచ్ రోడ్డులో సముద్రం కనిపించే చోట రాత్రి భోజనం చేయాలని మా ఆలోచన. ఆమె శాకాహారి, మిగిలిన వాళ్లం అన్నీ తింటాం.
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ

జవాబు: ముందుగా ఆ ఆనవాయితీ గురించి ఒక మాట చెప్పాలి. మనకు సంతోషం కలిగిన రోజున పదిమందికి పెట్టడం మన ఇళ్లలో చాలాకాలంగా ఉన్న పద్ధతి. బడిపిల్లలు పుట్టినరోజున తరగతి అంతటికీ చాక్లెట్లు పంచడంలోనూ, పెద్దవాళ్లు ఆ రోజు సింహాచలంలో అన్నదానానికి కొంత డబ్బు కట్టి రావడంలోనూ ఉన్నది ఈ భావమే. కాబట్టి పుట్టినరోజు జరుపుకొనే మనిషే విందు ఇవ్వాలనడంలో తప్పేమీ లేదు. కానీ ఆ పద్ధతికి విలువ వచ్చేది ఇచ్చేవారు తమంతట తాము ఇచ్చినప్పుడే. నలుగురి ముందు "పార్టీ ఎక్కడ?" అని అడిగిన తరువాత, ఇవ్వలేని మనిషి కూడా మొహమాటానికి "ఇస్తాను" అనక తప్పదు. మీ స్నేహితురాలు అన్న "తప్పకుండా" అనే మాటను ఆమె స్తోమతకు సాక్ష్యంగా తీసుకోకండి.

మీలో ఆమెకు అందరికన్నా దగ్గరైనవారు ఆమెకు ఫోన్ చేసి మాట్లాడాలి. గ్రూపులో సందేశం పెట్టి ఊరుకోకండి, ఎందుకంటే అక్కడ ఎంత మంచి మాట రాసినా ఆమె మిగిలిన నలుగురి కళ్ల ముందు జవాబు చెప్పవలసి వస్తుంది. ఫోనులో ఆమె ఉద్యోగం ప్రస్తావన గానీ, డబ్బు ప్రస్తావన గానీ తీసుకురావద్దు. "నీకు నలభై నిండుతున్నాయి, మన ఆరుగురిలో ఈ మెట్టు ముందుగా ఎక్కుతున్నది నువ్వే, అందుకని ఈసారి పిలుపు మాది, నువ్వు మా అతిథివి" అని చెబితే అది నిజమూ అవుతుంది, గౌరవంగానూ ఉంటుంది. మీలో ఎవరికి నలభై నిండినా మిగిలిన ఐదుగురే విందు ఇవ్వాలని ఇప్పుడే నియమం పెట్టుకోండి. ఆ నియమాన్ని తరువాత వచ్చే పుట్టినరోజులలో పాటించి చూపించాలి కూడా. అలా చేయకపోతే ఇది తన ఒక్కదాని మీద చూపించిన జాలి అని ఆమెకు ఏదో ఒక రోజు తెలిసిపోతుంది.

ఆమె ఒప్పుకున్నాక మీ ఐదుగురూ ఖర్చు సంగతి తేల్చుకోవాలి. మనవాళ్లు చాలామంది చోటు ముందు చూసుకొని, భోజనం అయ్యాక లెక్క వేసుకుంటారు. దాని వల్ల, అందరిలోకి తక్కువ రాబడి ఉన్నవారు ఆ సాయంత్రమంతా మెనూలో వంటల పేర్లకు బదులు కుడివైపు అంకెలే చదువుతూ కూర్చుంటారు. అందుచేత మనిషికి ఎంత వరకు పెట్టగలరో ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగి, అందరిలోకి తక్కువ చెప్పినవారి మొత్తాన్నే ఐదుగురికీ హద్దుగా పెట్టుకోండి, ఆ చెప్పినవారు ఎవరన్నది బయటపెట్టకండి. ఎవరైనా ఎక్కువ పెట్టగలిగితే వారు కేకో, కానుకో తీసుకురావచ్చు. వాటాలను ముందురోజుకే యూపీఐ ద్వారా ఒకరి దగ్గరకు చేర్చండి. భోజనం ముగిశాక ఐదుగురూ ఫోన్లు తీసి "నాది ఎంత, నీది ఎంత" అని లెక్కలు కట్టుకుంటుంటే అతిథిగా వచ్చిన మనిషికి కూర్చున్న చోట ముళ్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది.

బిల్లు ఆమె కంట పడకుండా చూడటం కష్టమేమీ కాదు. టేబుల్ బుక్ చేసినప్పుడే, బిల్లు ఎవరికి ఇవ్వాలో అక్కడ వడ్డన చూసుకునే క్యాప్టెన్‌కు చెప్పి ఉంచవచ్చు, కొంత అడ్వాన్సు ఇచ్చి మిగిలినది కౌంటర్ దగ్గర కట్టవచ్చు. తినడం అయిపోగానే మీలో ఒకరు చేతులు కడుక్కోవడానికి వెళ్లినట్టు వెళ్లి ఆ పని ముగించుకొని రండి. ఆ తరువాత ఒకటి రెండు వారాల్లో ఆమె మిమ్మల్ని తన ఇంటికి పిలిస్తే, అక్కడ పెట్టేది పులిహోర, కాఫీలే అయినా సరే, "ఎందుకమ్మా నీకు శ్రమ" అని తప్పించుకోకుండా ఐదుగురూ వెళ్లండి. తిరిగి పెట్టే అవకాశం ఇవ్వకుండా మీరే పెడుతూ పోతే ఆమెకు అది ఉపకారంగా తోస్తుంది. ఆరుగురిలో ఒకరు ఎప్పుడూ ఉపకారం పొందే మనిషిగానే ఉండవలసి వస్తే ఏ స్నేహమైనా బరువెక్కుతుంది.

ఇక చోటు సంగతి. విశాఖ సముద్రం మనకు తూర్పున ఉన్నదన్న విషయం బీచ్ రోడ్డులో టేబుల్ బుక్ చేసేటప్పుడు చాలామందికి గుర్తుకు రాదు. సముద్రం మీద సూర్యోదయం చూడగలం గానీ, ఇక్కడ సూర్యుడు అస్తమించేది ఊరి వైపున. చీకటి పడ్డాక కిటికీ అద్దంలో మీ ముఖాలు, లోపలి దీపాలు కనిపిస్తాయి తప్ప అలలు కనిపించవు, మహా అయితే దూరంగా లంగరు వేసి ఆగిన ఓడల దీపాలు కనిపిస్తాయి. సముద్రం కోసమే అయితే మధ్యాహ్న భోజనానికి వెళ్లండి. రాత్రికే వెళ్లాలనుకుంటే పంచాంగం చూసి పౌర్ణమి నాటికి దగ్గరగా పెట్టుకోండి, ఆకాశం తేటగా ఉంటే ఆ సాయంత్రం చంద్రోదయం నీటి మీదే అవుతుంది. ఆదివారం సాయంత్రం మాత్రం వద్దు, ఆర్.కె. బీచ్ వైపు బండి నిలపడానికే సగం ఓపిక అయిపోతుంది. పైగా గాజువాక నుంచి రావలసిన ఆమెను, మధురవాడ నుంచి రావలసిన ఇద్దరిని దృష్టిలో పెట్టుకుంటే, సిరిపురం, ద్వారకానగర్ ప్రాంతాలు అందరికీ మధ్యలో ఉంటాయి. భోజనం అక్కడ చేసి, ఆ తరువాత పది నిమిషాల్లో తీరానికి చేరి, మూరీ మిక్స్చర్ పొట్లాలు పట్టుకొని గోడ మీద కూర్చుంటే సముద్రమూ దక్కుతుంది, ఖర్చూ తగ్గుతుంది. నన్ను అడిగితే ఈ ఏర్పాటే మేలు అంటాను.

ఆమె శాకాహారి అన్న విషయాన్ని మీరు ఉత్తరం చివర ఒక్క వాక్యంలో చెప్పారు గానీ, ఈ విందు ఆమె కోసం కాబట్టి అది మొదట రావలసిన సంగతి. మిగిలిన ఐదుగురూ రకరకాల స్టార్టర్లు పంచుకుంటుంటే, పుట్టినరోజు జరుపుకొనే మనిషి ఒక్కతే ఒక పనీర్ కూర ముందు పెట్టుకొని కూర్చోవడం మర్యాద కాదు. ఆ ఒక్క పూటకు అందరూ శాకాహారమే తినగలిగితే అంతకన్నా మంచి కానుక లేదు, అరటాకులో వడ్డించే మంచి ఆంధ్ర భోజనానికి ఈ ఊళ్లో కొదవ లేదు. అలా కుదరకపోతే, మాంసాహారమూ శాకాహారమూ రెండూ వండే చోట వేయించే నూనె వేరుగా ఉంటుందా, వెజ్ బిర్యానీకి విడిగా మసాలా చేస్తారా అని ముందే ఫోన్ చేసి అడగండి. భోజనానికి కూర్చున్నాక అడిగితే వెయిటర్ "అన్నీ వేరేనండీ" అనేస్తాడు. పగటిపూట, వంటగది తీరికగా ఉన్నప్పుడు మేనేజరును అడిగితే సరైన జవాబు దొరుకుతుంది. ఆమెకు కేకులో గుడ్డు పనికివస్తుందో లేదో కూడా కనుక్కోండి. కొందరు శాకాహారులు గుడ్డు వేసిన కేకు తింటారు, కొందరు ముట్టుకోరు.

తేదీ ఖాయం చేసే ముందు వారాన్ని కూడా చూసుకోండి. మిగిలిన ఐదుగురూ "అన్నీ తింటాం" అని మీరు రాశారు గానీ, శనివారం నీచు ముట్టనివారు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. కార్తీక మాసమంతా మానేసేవారూ ఉన్నారు. మార్గశిర గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి విశేషమైనవి కాబట్టి, విశాఖ కుటుంబాలు చాలావాటిలో ఆ రోజులకు వేరే నియమాలు ఉంటాయి. మీ వాళ్లలో ఎవరికైనా అలాంటి పట్టింపు ఉందేమో కనుక్కుంటే, ఆ రోజున అందరూ కలిసి శాకాహారం తినడానికి ఎవరూ ఎవరినీ బతిమాలవలసిన అవసరం ఉండదు.

ప్రశ్న: మా స్నేహితుడి పుట్టినరోజుకు ఎనిమిది మంది కలిసి నగరంలోని ఒక రెస్టారెంటుకు వెళ్లాం. బిల్లులో పది శాతం సర్వీస్ ఛార్జి వేసి, దాని మీద కూడా జీఎస్టీ వేశారు. నీళ్ల సీసాకు దాని మీద అచ్చువేసిన ధర కన్నా ఎక్కువ తీసుకున్నారు. పండగ పూట గొడవ ఎందుకని కట్టేశాం. వీటిలో కట్టవలసినది ఏది, కట్టనక్కరలేనిది ఏది?
– ఒక ఉద్యోగి, గాజువాక

జవాబు: జీఎస్టీ కట్టవలసినదే. 2017 నవంబరు నుంచి ఏసీ ఉన్నా లేకపోయినా మామూలు రెస్టారెంట్లకు అది 5 శాతం. బిల్లులో కేంద్రానిది, రాష్ట్రానిది చెరి రెండున్నర శాతంగా విడదీసి చూపిస్తారు. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లలో అది 18 శాతం అవుతుంది కాబట్టి, అటువంటి చోట విందు పెట్టుకునేవారు మెనూ ధరల మీద దాదాపు ఐదో వంతు అదనంగా లెక్క వేసుకోవాలి. కాంపొజిషన్ పథకం కింద, అంటే తమ అమ్మకాల మొత్తం మీద ఒకే రేటున తామే పన్ను కట్టే చిన్న హోటళ్లు మాత్రం మన దగ్గర జీఎస్టీ విడిగా వసూలు చేయకూడదు. బిల్లు మీద జీఎస్టీ సంఖ్య లేకుండా పన్ను మాత్రం వేసి ఉంటే కారణం అడగండి.

సర్వీస్ ఛార్జి పన్ను కాదు. అది ప్రభుత్వానికి చేరదు, రెస్టారెంటుకే చేరుతుంది. దానిని బిల్లులో తమంతట తాము కలపకూడదని, ఇవ్వడం ఇవ్వకపోవడం వినియోగదారుడి ఇష్టమని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. రెస్టారెంట్ల సంఘాలు వాటిని ఢిల్లీ హైకోర్టులో సవాలు చేయగా, 2025 మార్చి 28న ఆ కోర్టు ఏకసభ్య ధర్మాసనం మార్గదర్శకాలను సమర్థిస్తూ తీర్పు చెప్పింది. కాబట్టి దానిని తీసివేయమని అడగడం మీ హక్కు. మీ బిల్లులో భోజనం 6,000 రూపాయలు అనుకుంటే, పది శాతం సర్వీస్ ఛార్జితో 6,600, దాని మీద 5 శాతం పన్ను 330 కలిపి 6,930 అవుతుంది. సర్వీస్ ఛార్జి లేకపోతే 6,300 చాలు. తేడా 630 రూపాయలు, అంటే ఎనిమిది మందిలో దాదాపు ఒకరి భోజనం.

నీళ్ల సీసా విషయంలో మాత్రం మీరు అనుకున్నట్టు లేదు. కూర్చోబెట్టి వడ్డించే హోటళ్లు, రెస్టారెంట్లు సీసా మీద అచ్చువేసిన ధర కన్నా ఎక్కువ తీసుకోవచ్చునని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో తీర్పు చెప్పింది. అక్కడి చోటు, సేవ కూడా ఆ ధరలో కలిసి ఉంటాయన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. టేబుల్ మీద పెట్టిన సీసా మూత తీయకముందే "మామూలు మంచినీళ్లు ఇవ్వండి" అని చెప్పడం మంచిది.

గొడవ పడనక్కరలేదన్న మీ ఆలోచన సరైనదే గానీ, అడగడం గొడవ కాదు. పుట్టినరోజు జరుపుకుంటున్న స్నేహితుడు టేబుల్ దగ్గర ఉండగా కాకుండా, మీలో ఒకరు కౌంటర్ దగ్గరకు వెళ్లి "సర్వీస్ ఛార్జి తీసేసి బిల్లు మళ్లీ ఇవ్వండి" అని మెల్లగా చెబితే సరిపోతుంది. టేబుల్ బుక్ చేసే రోజునే ఈ సంగతి అడిగి తెలుసుకోవడం ఇంకా మేలు. ఒప్పుకోకపోతే బిల్లు భద్రపరుచుకొని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. అయితే మీకు దగ్గరుండి వడ్డించిన మనిషి చేతిలో మాత్రం ఎంతో కొంత పెట్టి రండి. ఎనిమిది మందికి రెండు గంటలపాటు నిలబడి వడ్డించడం తేలిక పని కాదు, ఆ మనిషి చేతికి ఇచ్చినది మరొకరి లెక్కలోకి పోదు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగు చదువుతున్నాడు. స్నేహితుడి పుట్టినరోజని హోటలుకు వెళ్లి ముఖానికి కేకు పూసుకోవడం, నురగ స్ప్రే కొట్టుకోవడం, వీపు మీద గుద్దడం చేస్తారట. వద్దంటే "అందరూ చేస్తారు" అంటాడు. ఏం చెప్పాలి?
– ఒక తల్లి, పెందుర్తి

జవాబు: అన్నిటినీ ఒకే గాటన కట్టి "వద్దు" అంటే ఆ వయసు పిల్లలు వినరు. ముఖానికి కొంచెం క్రీము రాసుకోవడం సరదాయే అనుకుని వదిలేయండి, తినే పదార్థం వృథా అవుతుందన్న బాధ మీలాగే నాకూ ఉన్నా సరే. స్ప్రే విషయంలో మాత్రం ఖచ్చితంగా ఉండండి. ఆ డబ్బాల్లో నురగను బయటకు నెట్టే వాయువు చాలా రకాల్లో మండే స్వభావం కలది. వెలుగుతున్న కొవ్వొత్తి మీదుగా కొడితే క్షణంలో మంట ముఖానికి, జుట్టుకు అంటుకుంటుంది. డబ్బా మీద నిప్పు దగ్గర వాడవద్దని రాసి ఉంటే దానిని చదివించండి, నాలుగు గోడల మధ్య అసలే వద్దని చెప్పండి. వీపు మీద, డొక్కల మీద గుద్దడం, కాళ్లతో తన్నడం ఆటగా మొదలైనా దెబ్బ ఎక్కడ తగులుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. నలుగురూ పట్టుకున్నప్పుడు ఆ పిల్లవాడికి వద్దనే వీలు కూడా ఉండదు. "నీ స్నేహితుడు ఆ గుద్దులు నిజంగా కోరుకుంటున్నాడా, ఒంటరిగా ఉన్నప్పుడు అడుగు" అని మీ అబ్బాయికి చెప్పి చూడండి. బయటి కేకు తీసుకువెళితే కొన్నిచోట్ల విడిగా రుసుము తీసుకుంటారు కాబట్టి అది కూడా ముందే కనుక్కోమనండి.

ప్రశ్న: నేను, నా మిత్రుడు ఉక్కు కర్మాగారంలో కలిసి పనిచేశాం. మే నెలలో ఆయనకు అరవై నిండుతాయి. షష్టిపూర్తి వాళ్ల ఇంట్లో తిథి ప్రకారం జరుగుతుంది. తేదీ ప్రకారం వచ్చే రోజున పాత సహోద్యోగులం నలుగురం ఆయనను చేపల భోజనానికి తీసుకువెళ్లాలనుకుంటున్నాం. ఆయనకు వంజరం అంటే ప్రాణం. సలహా ఇవ్వండి.
– ఒక విశ్రాంత ఉద్యోగి, కూర్మన్నపాలెం

జవాబు: మీ మిత్రుడి కోసం మీరు ఎంచుకున్న వంట బాగున్నది గానీ నెలే అనుకూలంగా లేదు. చేపలు గుడ్లు పెట్టే కాలం కావడం వల్ల తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మర పడవలతో సముద్రంలో వేట నిషేధం. ఆ రోజుల్లో విశాఖ ఫిషింగ్ హార్బరులో బోట్లన్నీ ఒడ్డునే కట్టివేసి ఉంటాయి. ఇంజను లేని సంప్రదాయ పడవల మీద కొద్దిపాటి చేప వస్తుంది తప్ప పెద్ద వంజరం ముక్కలు తాజాగా దొరకడం కష్టం. అప్పుడు రెస్టారెంట్లలో వడ్డించే వంజరం చాలావరకు శీతల గిడ్డంగిలో దాచినదే అయి ఉంటుంది. అది చెడ్డదని కాదు, కానీ ప్రాణంగా తినే మనిషికి మొదటి ముద్దలోనే తేడా తెలిసిపోతుంది.

చెరువుల్లో పెంచే రొయ్యలకు ఈ నిషేధం వర్తించదు కాబట్టి మేలో రొయ్యల వేపుడు, మామిడికాయ వేసి వండిన రొయ్యల కూర నిశ్చింతగా చెప్పుకోవచ్చు. మామిడికాయలు దొరికే రోజులు కూడా అవే. ఆ రోజుకు రొయ్యలతో భోజనం పెట్టి, వంజరం విందును జూన్ చివరికి, పడవలు మళ్లీ వేటకు వెళ్లి సరుకు తెచ్చాక, రెండోసారి పెట్టుకోండి. వెళ్లే ముందురోజు ఫోన్ చేసి ఆ ఉదయం ఏ చేప వచ్చిందో అడిగి, ఆయనతో కలిపి మీ ఐదుగురికీ సరిపడా ముక్కలు విడిగా ఉంచమనండి. అరవై దాటినవారు కదా, కారం తగ్గించమని చెప్పాలా వద్దా అన్నది మాత్రం ఆయననే అడగండి, ఆయన తరఫున మీరు నిర్ణయించవద్దు.